పదును నాడు ట్రాక్టరు మొరాయించకుండా: బ్యాటరీ టెర్మినళ్లు, వైరు జాయింట్లకు చిలుము పట్టకుండా జాగ్రత్తలు

కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, ఆదోని ప్రాంతాల్లో వానను నమ్ముకుని సేద్యం చేసే రైతుకు విత్తనం వేసే అదును చాలా చిన్నది. ఒక మంచి వాన పడి పదును అయితే, ఎర్ర నేలల్లో కొద్ది రోజుల్లోనే పైపొర ఆరిపోతుంది. నల్లరేగడి ఇంకొన్ని రోజులు తడి నిలుపుకున్నా, మళ్లీ వాన ఎప్పుడో చెప్పలేం. ఆ నాలుగు రోజుల్లో ఊళ్లో ఉన్న ప్రతి ట్రాక్టరుకూ, ప్రతి గొర్రుకూ గిరాకీ ఉంటుంది. అలాంటి రోజు తెల్లవారుజామున తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క శబ్దం వచ్చి ఇంజను కదలకపోతే, ఆ రైతు నష్టం డబ్బులతో లెక్క కట్టేది కాదు.

అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ‘బ్యాటరీ పోయింది’ అనుకుని ఆదోనికో ఎమ్మిగనూరుకో వెళ్లి, వేల రూపాయలు పెట్టి కొత్త బ్యాటరీ తెస్తారు. కొత్తది బిగించే మెకానిక్ ముందుగా వైరు క్లాంపులను గీకి శుభ్రం చేస్తాడు. బండి వెంటనే స్టార్ట్ అవుతుంది. అందరూ కొత్త బ్యాటరీ మహిమ అనుకుంటారు. నిజానికి చాలాసార్లు బండిని నడిపించింది ఆ గీకుడే. పాత బ్యాటరీ ఇంకా కొంతకాలం పనిచేసేదే. చెడిపోయింది బ్యాటరీకీ వైరుకూ మధ్య ఉన్న జాయింటు.

ఆ జాయింటుకు చిలుము ఎందుకు పడుతుంది, బ్యాటరీ పోయిందో జాయింటు పోయిందో ఎలా తేల్చుకోవాలి, ఇంట్లో దొరికే వస్తువులతో ఎలా శుభ్రం చేయాలి, మళ్లీ పట్టకుండా ఏం చేయాలి అన్నవి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ట్రాక్టరుకు చెప్పినదంతా కారుకూ, సరుకుల ఆటోకూ, సెల్ఫ్ ఉన్న బైకుకూ వర్తిస్తుంది.

మన ఎండ ప్రాంతంలో చిలుము ఎందుకు పడుతుంది?

తుప్పు, చిలుము సముద్రం పక్క ఊళ్ల సమస్య అని అనుకుంటాం. మన దగ్గర వాన తక్కువే. అయినా వైరు జాయింట్లు పాడవడానికి ఇక్కడ వేరే కారణాలు ఉన్నాయి.

1. బ్యాటరీ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి: బ్యాటరీలో ఉండేది గంధకామ్లం. చార్జింగ్ అయ్యేటప్పుడు లోపల గ్యాసు పుట్టి, దానితో పాటు సన్నటి ఆమ్లపు తుంపర మూతల సందుల్లోంచి, టెర్మినల్ మొదట్లోంచి బయటికి వస్తుంది. అది సీసం మీద, రాగి మీద, ఇత్తడి మీద పడి పొడిగా మారుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఇంజను వేడి కూడా తోడైతే ఇది ఇంకా ఎక్కువ.

2. ఎరువుల దుమ్ము: యూరియా, డీఏపీ, పొటాష్ బస్తాలు ట్రాలీలో మోస్తాం. చిరిగిన బస్తాల పొడి బానెట్ కిందికి, ట్రాలీ సాకెట్‌లోకి చేరుతుంది. గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలం రాత్రుల్లో ఈ తేమ మామూలే. పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది. అమ్మోనియా ఉన్న ఎరువులు రాగినీ ఇత్తడినీ తినేస్తాయి.

3. బోరు నీళ్లు: మన బోర్ల నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతో బండి కడిగితే తడి ఆరిపోయినా లవణం జాయింట్లలోనే మిగిలిపోతుంది. తర్వాత మంచు పడినప్పుడల్లా అది మళ్లీ తడిగా మారుతుంది.

4. దుమ్ము, మంచు: దుక్కి దుమ్ము బ్యాటరీ పైన పేరుకుంటుంది. చలికాలపు మంచుకు అది తడిసి, ఒక టెర్మినల్ నుంచి రెండో టెర్మినల్‌కు కరెంటు పాకే దారిగా మారుతుంది. బండి ఆపి ఉన్నా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగిపోతుంది.

5. పురుగుమందులు: ట్రాక్టరు స్ప్రేయర్లతో పత్తికీ మిరపకూ మందు కొట్టేటప్పుడు తుంపర లైట్ల వైర్ల మీద, కనెక్టర్ల మీద పడుతుంది.

కొంచెం పొడికి అంత నష్టమా?

‘లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ మాత్రం తిరగడం లేదు’ అని చాలామంది ఆశ్చర్యపోతారు. దీనికి లెక్క సులువు.

ఒక హెడ్‌లైటు సుమారు 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ట్రాక్టరు సెల్ఫ్ మోటారు ఇంజనును తిప్పేటప్పుడు 200 ఆంపియర్లకు పైగా లాగుతుంది. చిలుము పట్టిన జాయింటులో నిరోధం 0.01 ఓం మాత్రమే ఉందనుకుందాం. 5 ఆంపియర్ల లైటుకు అక్కడ పోయేది 0.05 వోల్టు. అది కంటికి కూడా తెలియదు. 200 ఆంపియర్ల సెల్ఫ్‌కు మాత్రం అదే జాయింటులో 2 వోల్టులు పోతాయి. 12 వోల్టులకు బదులు 10 మాత్రమే మిగులుతాయి. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలాగూ కొంత దిగుతుంది కాబట్టి సెల్ఫ్‌కు అందేది ఇంకా తక్కువ. పైగా ఆ జాయింటులోనే 400 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి క్లాంపు వదులవుతుంది, వైరు తొడుగు కరుగుతుంది, చిలుము ఇంకా పెరుగుతుంది.

చార్జింగ్‌కు కూడా ఇదే అడ్డు. డైనమో పంపిన కరెంటు పూర్తిగా బ్యాటరీకి చేరదు. ఎప్పుడూ సగం చార్జితో ఉండే బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, అది త్వరగా చచ్చిపోతుంది. అంటే జాయింటును పట్టించుకోకపోతే, మొదట మంచిగా ఉన్న బ్యాటరీ కూడా చివరికి నిజంగానే పోతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు, నీళ్ల కోసం మన ప్రాంతం ఎంత ఆందోళన పడిందో గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద డ్యాంలో తెగింది ఒక గొలుసు. బండి విషయంలోనూ అంతే. ఇంజను ఎంత బాగున్నా, బ్యాటరీ ఎంత కొత్తదైనా, మధ్యలో ఉన్న చిన్న జాయింటే బండి కదలాలో వద్దో నిర్ణయిస్తుంది.

బ్యాటరీ పోయిందా, జాయింటు పోయిందా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ పరీక్షలు చేయండి. పరీక్షకు ముందు బండి న్యూట్రల్‌లో ఉండాలి, పీటీవో ఆపి ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి.

హెడ్‌లైట్ల పరీక్ష (ఏ పరికరమూ అక్కర్లేదు): నీడలో లైట్లు వేసి, ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు లైట్లను చూడాలి.

• లైట్లు ఒక్కసారిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ బాగా వెలిగితే: టెర్మినల్ దగ్గరో, ఎర్త్ వైరు దగ్గరో జాయింటు చెడిందని మొదట అనుమానించాలి.
• లైట్లు ముందు నుంచే మందంగా ఉండి, తాళం తిప్పితే ఇంకా మసకబారితే: బ్యాటరీలో చార్జి లేదు.
• లైట్లు ఏమాత్రం తగ్గకుండా, సెల్ఫ్ అసలు కదలకపోతే: తాళం స్విచ్, న్యూట్రల్ స్విచ్, లేదా సెల్ఫ్ మీదికి వెళ్లే చిన్న వైరు చూసుకోవాలి.

వేడి పరీక్ష: నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టి, తాళం తీసేసి, క్లాంపుల దగ్గర చేయి మెల్లగా పెట్టి చూడండి. ఒక క్లాంపు మిగిలిన వాటికంటే వేడిగా ఉంటే రోగం అక్కడే.

మల్టీమీటరు పరీక్ష: కొన్ని వందల రూపాయలకే దొరికే మామూలు మీటరు చాలు. ఊళ్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

• బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే ముందు చార్జి చేయించాలి.
• ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్ సరిగా ఉన్నట్టు. 15కు చేరితే అతిగా చార్జి అవుతోంది. 13 దగ్గరే ఆగిపోతే చార్జింగ్ అందడం లేదు.
• మీటరు ఒక ముల్లును బ్యాటరీ సీసపు గుండు మీద, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ సమయంలో ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే నాబ్ లాగి ఉంచాలి. మీటరు 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ జాయింటు చెడినట్టే. మంచి జాయింటులో దాదాపు ఏమీ చూపించదు.

ఇలా అన్ని జాయింట్లూ బాగున్నాయని తేలి, పూర్తిగా చార్జి చేయించినా బ్యాటరీ నిలబడకపోతే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి.

పొడి రంగును బట్టి తెలిసేది

• తెల్లగా, బూడిద రంగులో పొడి: సీసం మీద ఆమ్లం పనిచేసిన గుర్తు. అన్ని బ్యాటరీలకూ కొద్దిగా వస్తుంది.
• నీలం, ఆకుపచ్చ పొడి: ఆమ్లం రాగి వైరు దాకా, ఇత్తడి క్లాంపు దాకా చేరింది. వైరు లోపల కూడా చూసుకోవాలి.
• ఎర్రటి తుప్పు: బ్యాటరీ పెట్టె, బిగించే బోల్టులు తినేస్తున్నాయి. బ్యాటరీ కదులుతుంటే టెర్మినళ్లు వదులవుతాయి.
• శుభ్రం చేసిన రెండు మూడు వారాల్లోనే మళ్లీ కుప్పగా పొడి వస్తే: టెర్మినల్ మొదట్లో లీకు ఉంది, లేదా డైనమో అతిగా చార్జి చేస్తోంది. గీకుతూ కూర్చోకుండా ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

శుభ్రం చేసే విధానం

కావలసినవి: వంట సోడా, ఒక గ్లాసు మంచినీళ్లు, పాత టూత్ బ్రష్, చిన్న వైరు బ్రష్ లేదా గరుకు కాగితం, సరైన సైజు పానా, వాసెలిన్, పాత గుడ్డలు, చేతి తొడుగులు. తొడుగులు లేకపోతే చేతులకు మందపాటి ప్లాస్టిక్ కవర్లు కట్టుకోవచ్చు. వంట సోడా, వాసెలిన్ రెండూ కలిపి వంద రూపాయల లోపే అవుతాయి. పని అరగంటలో అయిపోతుంది.

1. ఇంజను ఆపి తాళం తీసేయండి. చేతి కడియం, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గ్యాసు నిప్పురవ్వకు పేలుతుంది. కళ్లకు అద్దాలు ఉంటే పెట్టుకోండి.

2. ముందు నెగటివ్ (–) క్లాంపు విప్పాలి, తర్వాతే పాజిటివ్ (+) విప్పాలి. ఈ వరుస మారకూడదు. బండి బాడీ మొత్తం నెగటివ్‌కు కలిసి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే పెద్ద మంట వస్తుంది.

3. క్లాంపు గట్టిగా పట్టేసి ఉంటే సుత్తితో కొట్టకండి, స్క్రూడ్రైవరుతో కెలకకండి. సీసపు గుండు మెత్తనిది. లోపల పగిలితే బ్యాటరీ పోయినట్టే. సోడా నీళ్లు కొద్దిగా పోసి, కొంతసేపు ఆగి, క్లాంపును మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి.

4. మూతలు ఉన్న బ్యాటరీ అయితే అన్నీ గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి. సోడా నీళ్లు ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు. లోపలికి పోతే లోపలి ఆమ్లాన్నే చంపేస్తుంది.

5. గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచా వంట సోడా కలపండి. టూత్ బ్రష్‌తో పొడి మీద రుద్దండి. నురగ వస్తుంది. సోడా ఆమ్లాన్ని విరిచేస్తోందని దాని అర్థం. నురగ రావడం ఆగేదాకా రుద్దాలి.

6. తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. బ్యాటరీ పైభాగం, పెట్టె, కింది పళ్లెం కూడా తుడవండి.

7. సీసపు గుండునూ, క్లాంపు లోపలి భాగాన్నీ వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకండి. ఈ పొడిలో సీసం ఉంటుంది, విషం. నోటితో ఊదకండి. రాలిన పొడిని గుడ్డతో ఎత్తి, పిల్లలకూ కోళ్లకూ అందకుండా చూడండి.

8. ముందు పాజిటివ్, చివర నెగటివ్ బిగించండి. క్లాంపు గుండు అడుగుదాకా దిగాలి. చేత్తో తిప్పితే కదలకూడదు. అలాగని బలమంతా పెట్టి బిగించకండి.

9. బిగించిన తర్వాతే పైన వాసెలిన్ పూయండి. క్లాంపు, బోల్టు, వైరు తల కప్పుకునేలా పలుచగా పూస్తే చాలు.

10. చేతులు సబ్బుతో కడుక్కున్న తర్వాతే తిండి ముట్టుకోవాలి.

ఆమ్లం కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో సోడా నీళ్లు వేయకూడదు.

ఎవరికీ కనిపించని ఎర్త్ వైరు

టెర్మినళ్లు తళతళలాడుతున్నా సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే చూడాల్సిన మొదటి చోటు ఎర్త్ వైరు రెండో చివర. నెగటివ్ నుంచి వచ్చే లావుపాటి వైరు లేదా అల్లిన రాగి పట్టీ ఛాసిస్‌కో, గేరు బాక్సుకో బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ మట్టి, ఆయిలు, పెయింటు పేరుకుంటాయి. సెల్ఫ్ లాగే కరెంటు మొత్తం ఈ బోల్టు ద్వారానే తిరిగి రావాలి.

బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు పూయండి. అల్లిక పట్టీ సగం తెగి ఉంటే కొత్తది వేయించండి. బండికి పెయింటు వేయించినప్పుడు ఈ చోటు తప్పక చూసుకోవాలి, ఎందుకంటే పెయింటు పొర కరెంటును ఆపేస్తుంది. సెల్ఫ్ మోటారు మీద లావు వైరు బిగించిన నట్టును కూడా ఏడాదికోసారి ఇలాగే చూడాలి. దాన్ని ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పడం మరవొద్దు.

లైట్లు, ట్రాలీ సాకెట్, ఫ్యూజులు

రాత్రిపూట ఆదోని మార్కెట్‌కు పత్తి తోలే ట్రాలీకి వెనక లైటు వెలగకపోతే ప్రాణాలకే ముప్పు. ట్రాలీ లైట్లు పోవడానికి బల్బు కంటే సాకెట్ పిన్నులే ఎక్కువ కారణం.

• సాకెట్ మూత ఎప్పుడూ మూసి ఉంచండి. మూత విరిగిపోతే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి.
• పిన్నులను సన్నని గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, కొంచెం వాసెలిన్ లేదా సిలికాన్ గ్రీజు పూయండి.
• ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి, కాళ్లు నల్లబడితే తుడిచి పెట్టండి. అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం అంటే బండికి నిప్పు పెట్టుకోవడమే.
• ఎలుకలు కొరికిన చోట రాగి బయటపడి చిలుము పడుతుంది. షెడ్డులో ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టేవారు నెలకోసారి బానెట్ ఎత్తి చూడండి.

వైరు అతికేటప్పుడు: రెండు కొసలు మెలిపెట్టి నల్ల టేపు చుడితే మన ఎండకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. తడి లోపలికి పోయి రాగి నల్లబడుతుంది. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, లగ్గు పెట్టి నొక్కి, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం తొడిగితే ఆ అతుకు ఏళ్లు నిలుస్తుంది.

కొత్త ట్రాక్టర్లు ఉన్నవారికి: 50 హెచ్‌పి పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. ఈ ఇంజన్లలో సెన్సర్లు, కంప్యూటరు పెట్టె ఉంటాయి. వీటి కనెక్టర్లను వైరు బ్రష్‌తో గీకకూడదు, ప్రెషర్ నీళ్లు కొట్టకూడదు. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే మాత్రమే వాడాలి. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ మెకానిక్‌తోనే చేయించండి.

సుగ్గికి వెళ్లేవారు, బండి నిలిపి ఉంచేవారు

మన ప్రాంతంలో పంటలు అయిపోయాక గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి తీతకు సుగ్గికి వెళ్లే కుటుంబాలు ఎన్నో. ఆ రెండు మూడు నెలలు ఇంటి దగ్గర బైకు, ఆటో కదలకుండా ఉంటాయి. నిలబడి ఉన్న బండిలోనే బ్యాటరీ, జాయింట్లు త్వరగా పాడవుతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది.

వెళ్లే ముందు టెర్మినళ్లు శుభ్రం చేసి, బ్యాటరీ నిండుగా చార్జి చేసి, నెగటివ్ క్లాంపు విప్పి గుడ్డ చుట్టి పక్కకు కట్టేయండి. బండిని నీడలో పెట్టండి. ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఉంటే, కుదిరినప్పుడు నెలకోసారి చార్జి పెట్టించమనండి. ట్రాక్టరు ఊళ్లోనే ఉంటే వారానికి ఒకసారి స్టార్ట్ చేసి అరగంట నడపడం మంచిది. రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే సెల్ఫ్ వాడిన చార్జి కూడా తిరిగి చేరదు.

ఎప్పుడూ చేయకూడనివి

• సెల్ఫ్ మోటారు దగ్గర స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి షార్ట్ చేసి స్టార్ట్ చేయకండి. బండి గేరులో ఉంటే వెంటనే ముందుకు దూకుతుంది. కింద నిలబడిన మనిషి మీదికే చక్రం ఎక్కుతుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు ఎన్నో. జాయింటు శుభ్రంగా ఉంటే ఈ సాహసం అవసరమే రాదు.
• డైనమో పనిచేస్తుందో లేదో చూడటానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకకండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ఆల్టర్నేటరు డయోడ్లు, కంప్యూటరు పెట్టె కాలిపోతాయి.
• వదులైన క్లాంపులో మేకు, రాగి తీగ, అగ్గిపుల్ల దూర్చకండి. కొత్త క్లాంపు వేయించండి.
• బ్యాటరీలో బోరు నీళ్లు, కాలువ నీళ్లు పోయకండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. పలకలు మునిగి పైన ఒక సెంటీమీటరు నీళ్లు ఉంటే చాలు. నిండుగా పోస్తే చార్జింగ్‌లో పొంగి టెర్మినళ్ల మీద పడుతుంది. విడిగా ఆమ్లం ఎప్పుడూ పోయకండి.
• చిలుము మీద కూల్‌డ్రింక్ పోయకండి. అది కూడా ఆమ్లమే, పైగా పంచదార జిగురు దుమ్మును పట్టి ఉంచుతుంది. వాడిన ఇంజను ఆయిలు పూసినా దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది.
• యూరియా, పొటాష్ బస్తాలను బ్యాటరీ పెట్టె మీద, డ్రైవరు సీటు పక్కన పెట్టి తోలకండి. ఎరువులు తోలిన రోజే ట్రాలీనీ సాకెట్‌నూ పొడిగుడ్డతో దులపండి.
• పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీయకండి, ఆమ్లాన్ని చేలో పారబోయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి సేకరణకు, రీసైక్లింగ్‌కు చేరాలి. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలోనే ఇచ్చి, దాని ధర తగ్గించుకోండి.

ఏడాదిలో ఎప్పుడు ఏం చేయాలి?

రోహిణి కార్తెలో (మే చివర): ఇది ముఖ్యం. టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సెల్ఫ్ నట్టు పూర్తిగా శుభ్రం చేసి వాసెలిన్ పూయండి. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. మృగశిర వానలు వచ్చేనాటికి బండి సిద్ధంగా ఉండాలి.

ఆగస్టు, సెప్టెంబరు: ఎరువులు తోలడం, మందులు కొట్టడం ఎక్కువ. బ్యాటరీ పైభాగం తుడిచి, ట్రాలీ సాకెట్, లైట్లు చూడండి.

అక్టోబరు, నవంబరు: పత్తి, వేరుశనగ రవాణాకు ముందు లైట్లు, ఫ్యూజులు సరిచూడండి.

జనవరి నుంచి మార్చి: బండి ఖాళీగా ఉండే కాలం. చార్జి చేసి, నెగటివ్ విప్పి పెట్టండి.

ఏప్రిల్, మే: ఎండలకు నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. 15 రోజులకోసారి మట్టం చూడండి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

వాసెలిన్‌కు బదులు మామూలు గ్రీజు పూయవచ్చా?
పూయవచ్చు. కానీ ఎండకు కారుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. వాసెలిన్ దొరకనప్పుడు మాత్రమే వాడండి. ఏది పూసినా, గుండుకూ క్లాంపుకూ మధ్య మందంగా పెట్టకుండా, బిగించాక పైన పూయాలి.

వేడినీళ్లు పోస్తే పొడి పోతుంది కదా, సోడా ఎందుకు?
వేడినీళ్లకు పొడి కరుగుతుంది నిజమే. కానీ ఆమ్లం విరగదు. కింద పళ్లెంలోకీ ఇనుము మీదికీ జారి అక్కడ తింటుంది.

మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీకి ఇవన్నీ అవసరమా?
నీళ్లు పోసే పని ఉండదు. దాన్ని తెరవకూడదు కూడా. కానీ టెర్మినళ్లకు, ఎర్త్ వైరుకు చిలుము దీనికీ పడుతుంది. శుభ్రం చేయడం తప్పదు.

వారంటీ ఉన్న బ్యాటరీ నిలవడం లేదు, ఏం చేయాలి?
ముందు జాయింట్లు శుభ్రం చేసి, పూర్తిగా చార్జి చేయించి చూడండి. అప్పటికీ నిలవకపోతే బిల్లు, వారంటీ కార్డుతో కొన్న దుకాణానికి తీసుకెళ్లండి. చార్జి లేక దిగిపోయిన బ్యాటరీ వేరు, లోపల చెడిన బ్యాటరీ వేరు. చార్జి చేసి తీసుకెళితే పరీక్షలో ఆ తేడా త్వరగా తేలుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి

సెల్ఫ్ కొట్టకపోతే ముందు జాయింటు చూడండి, తర్వాతే బ్యాటరీ. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ముందు సోడా నీళ్లు, తర్వాత గీకడం, బిగించాక వాసెలిన్. ఏడాదికి రెండుసార్లు అరగంట కేటాయిస్తే చాలు. గొర్రుకు కర్రులు పదును పెట్టించినట్టే, విత్తనాలు సిద్ధం చేసుకున్నట్టే, రోహిణి ఎండల్లోనే ఈ పని కూడా ముగించుకోండి. వాన పడిన మరునాడు బండి కోసం చేను ఎదురుచూడకూడదు.